చిక్కదనపు మహిమ

పద్దెనిమిదవ శతాబ్ది చివర ఫ్రెంచి సేనాని రేమండు నిజాం కొలువున ఫిరంగులు పోతపోయించిన గన్‌ఫౌండ్రీలో, కొలుములు ఏనాడో చల్లారినను, పోతపని మాత్రము ఆగలేదు. నేడు అక్కడినుండి అబిడ్సు దాకా గల అంగళ్లలో ఆకుపచ్చని డబ్బాలలోనికి అసత్యము పోతపోయబడుచున్నది. "జూడుండ్రి సార్, బోర్లేసినా జారదు, ఒక్క కెమికల్ లేదు, అంత కలబందనే" అని విక్రేత మూత తీసి డబ్బాను తలక్రిందులు చేసి చూపును. కలబంద మట్టను చీల్చి పిండిన వారందరును దాని రసము వ్రేళ్లసందులనుండి జారిపోవుట యెరుగుదురు గనుక, డబ్బాలోని ద్రవము కేవలము తపోబలముచేతనే నిలిచినదని నమ్మవలసియుండును.

ఆ తపోబలము పేరు కార్బొమరు. వెనుకవైపు, చీమతలకాయలంత అక్షరములలో, పట్టిక తుదిని అది నక్కియుండును. ఆమ్లస్వభావము గల ఆ పొడిలోని పొడవైన అణుశృంఖలలు నీటిలో ముడుచుకొనియుండి, రవంత క్షారము తగిలినంతనే ఋణావేశము పొంది, పరస్పరము వికర్షించుకొనుచు విచ్చుకొని, చుట్టునున్న నీటిని బంధించును. నూటికి అరపాలు చాలును, తక్కిన నీరంతయు స్తంభించును. మన చెమటలోని ఉప్పు సోకగానే ఆ వికర్షణ సన్నగిల్లి జెల్లు నీరుగారును. ఆ నీరుగారుటనే "చర్మములోనికి ఇంకుట" యని ప్రకటనలు కీర్తించుచున్నవి.

ఇక, కార్బొమరును చూపి "ప్లాస్టిక్కు పూసుకొనుచున్నారు" అని భయపెట్టి, దానికి మారుగా "ప్రకృతిసిద్ధ" మైన జాంథన్ జిగురును మరికొంత హెచ్చువెలకు అమ్ము పరమసాత్త్వికులు వేరొక తెగ. క్యాబేజీకి నల్లకుళ్లు తెగులు తెచ్చు బాక్టీరియాకు చక్కెర మేపి పులియబెట్టగా వచ్చినదే ఆ సాత్త్విక పదార్థము! గ్వార్ జిగురన్ననో, మనము వేపుడు చేసికొను గోరుచిక్కుడు గింజలలోనిది. ఇవి నిరపాయములే, కార్బొమరు అణువులును చర్మమును దాటజాలనంత పెద్దవి, కంటిచుక్కలలో సైతము దానిని వాడుదురు. అడుగదగిన ప్రశ్న వేరొకటి కలదు: కొన్ని పాతరకముల కార్బొమరును క్యాన్సరుకారకమగు బెంజీనులో తయారుచేయుదురు, దాని శేషము నిలుచునను శంకతోనే, ఆ రకములను విడిచి వేరొకదానికి మారుడని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2023 డిసెంబరులో మందుల తయారీదారులకు సూచించెను. ఈ ప్రశ్న వేసి చూడుడు; విక్రేత డబ్బాను మరల బోర్లించి చూపును.

తప్పుదారి పట్టించు ప్రకటనలను మనదేశపు 2020 నాటి సౌందర్యసాధనముల నిబంధనలు నిషేధించియే యున్నవి, కొరత చదువరులది. కావున పాఠకులారా, బోర్లించిన డబ్బాను చూచి మురియక, దానిని వెనుకకు త్రిప్పి చదువుడు. ముందువైపు "రసాయనరహిత" మని వ్రాసి, వెనుకవైపు రసాయనముల పట్టిక ముద్రించినవానికి పైకమీయకుడు.