ఏం కూర తిన్నావురా?

మా మనవడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు పొద్దున్న ఏం తిన్నాడో, మధ్యాహ్నం ఏం తిన్నాడో, రాత్రి ఏం తినకుండా పడుకున్నాడో ఇక్కడ పార్వతీపురంలో ఉన్న మా కోడలికి పూర్తిగా తెలుసు. వాడు ఆఫీసు నుంచి బయల్దేరితే ఆవిడ ఫోనులో వాడి ఫొటో ఉన్న చుక్క ఒకటి కదులుతుంది. ఆ చుక్క సిల్క్ బోర్డు దగ్గర ఆగిపోతే ఇక్కడ పోపు మాడిపోతుంది. మొన్న వాడికి జలుబు చేసిందని ఇక్కణ్ణించే అక్కడి హోటల్లో మిరియాల చారు ఆర్డరు పెట్టింది. కాసేపటికి వాడి గుమ్మంలో ఉంది చారు. ఇదేం దూరం అబ్బాయ్? దీన్నీ పరాయి ఊరి ఉద్యోగమే అంటారా?

మేమూ వెళ్ళాం. నేను 1972లో భిలాయి ఉక్కు కార్ఖానాలో చేరాను. విశాఖ ఉక్కు ఉండగా భిలాయి ఎందుకు పోయావని మా వాడు అడుగుతాడు. ఉందిరా, రాయి ఉంది. జనం రోడ్డెక్కి పోట్లాడితే 1971 జనవరిలో ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేసి వెళ్ళింది. ఆ రాయిని చూస్తూ కూచుంటే నెలకి జీతమెవడిస్తాడు? రష్యావాళ్ళ సాయంతో కట్టిన భిలాయిలో 1959 నుంచే కొలిమి మండుతోంది. మా వైపు గుంటలకి ఎదురుగా కనిపించే దారి ఒకటే, రాయపూర్ పాసింజరు. వాల్తేరులో బయల్దేరి, విజయనగరం, బొబ్బిలి మీదుగా మా ఊరొచ్చి, ఇక్కణ్ణించి రాయగడ కొండల్లోకి దూరేది. టిట్లాగఢ్ చేరేసరికి ఇస్త్రీ చొక్కా నిండా బొగ్గు నుసి, కాళ్ళ దగ్గర జాడీలోంచి కారిన ఆవకాయ నూనె. ఈ పట్టాలు మా మిల్లులో చేసినవేనని పక్కనున్న వాళ్ళకి చెప్పి గొప్పలు పోయేవాణ్ణి. నిజానికి అవి మావో, నేను పుట్టకముందు బి.ఎన్.ఆర్. కంపెనీ వాళ్ళు వేసినవో, ఎవడు దిగి చూడొచ్చాడు?

సరే, ఉత్తరాల సంగతి చెబుతున్నాను కదా. చెప్పలేదా? ఇప్పుడు చెబుతాను. ఆదివారం హాస్టల్లో తలంటుకుని, లుంగీ కట్టుకుని ఇన్‌లాండు కవరు ముందేసుకుంటే అదొక పని. ‘ఉభయకుశలోపరి’ అని మొదలెట్టి, వారమంతా మనసులో దాచుకున్న సంగతులన్నీ ఏరి, అమ్మకి చెప్పేవి చెప్పి, నాన్నకి తెలియకూడనివి మింగి రాయాలి. ఏ షిఫ్టు పడింది, మెస్సులో పెట్టే రొట్టెలు ఎంత మందం, తెలుగువాళ్ళు ఎవరెవరు తగిలారు, ఇవన్నీ రాస్తే చోటు సరిపోక, మడతపెట్టి అంటించే అంచుల మీద కూడా రాసేవాణ్ణి. అది మా ఊరు చేరడానికి నాలుగైదు రోజులు. జవాబొచ్చేసరికి నేను అడిగిందేమిటో నేనే మర్చిపోయేవాణ్ణి. నాన్న ఉత్తరంలో వాన పడిందా లేదా, ఎర్రావు ఈనిందా లేదా, పైడితల్లి సిరిమాను ఏ తేదీన, అంతే. చివర్న అమ్మ మాట రెండు వాక్యాలు. అమ్మ నాన్నకి చెప్పి రాయించేది. ఆయన అందులో సగం కత్తిరించేవాడని మా అప్ప తరవాతెప్పుడో చెప్పింది.

నేను చేరిన ఏడాదే ఆగస్టు 15న పిన్ కోడ్ పెట్టారు. ఇక ఊరి పేరు కింద ఆరంకెలు రాయమన్నారు. మా నాన్నకి అది అవమానం. ‘పార్వతీపురం అంటే తెలియని పోస్టాఫీసు కూడా ఒక పోస్టాఫీసా?’ అని బతికినన్నాళ్ళూ ఆ గళ్ళు ఖాళీగానే వదిలేశాడు. ఉత్తరాలు మాత్రం చేరేవి. 2022లో మా ఊరు జిల్లా కేంద్రం అయినప్పుడు ఆయనుంటే, ‘చూశావా, నేను ముందే చెప్పాను’ అని ఉండేవాడు.

అసలు మాట మనియార్డరు. జీతం అందిన మర్నాడు పోస్టాఫీసు వరసలో నిలబడ్డం. ఫారంలో కూపను ముక్క ఉండేది, అందులో రెండు మాటలు రాసుకోవచ్చు. అది ఇక్కడికి వచ్చాక పోస్టుమేన్ మా వీధి అరుగు మీద కూచుని అందరూ చూస్తుండగా నోట్లు లెక్కపెట్టేవాడు. ‘గుంటడు పంపినాడు’ అని అమ్మ ఆ రోజంతా తలెత్తుకు తిరిగేది. సాయంత్రానికి చేబదులు అడిగేవాళ్ళు కూడా తయారయ్యేవాళ్ళనుకో, అది వేరే సంగతి. అమ్మకి సంతకం రాదు, నిశానీ. ఆ నిశానీ పడ్డ రసీదు ముక్క మళ్ళీ నాకే భిలాయి తిరిగొచ్చేది. డబ్బు ముట్టిందనడానికి గవర్నమెంటు పంపే సాక్ష్యం అది. నాకు మాత్రం నాన్న కత్తిరించని ఉత్తరం. ముద్ర చెదిరితే అమ్మ చెయ్యి తడిగా ఉందన్నమాట, అంట్ల దగ్గర్నుంచి లేచొచ్చి వేసింది. గీతలు సుబ్బరంగా పడితే తీరిగ్గా ఉంది. ఒకసారి అంచున పసుపు మరక ఉంటే, ఇంట్లో ఏం శుభకార్యం తలపెట్టారో, నాకు చెప్పకుండా ఏ సంబంధం చూస్తున్నారో అని వారం రోజులు నిద్ర పట్టలేదు. పండక్కి వెళ్ళి అడిగితే, ‘ఏటి బావూ, ఆవేళ పులుసు కాస్తన్నాను’ అంది.

ఇప్పుడు మా మనవడు డబ్బు పంపితే కోడలి ఫోను ‘టింగు’మంటుంది. అయిపోయింది. అరుగెక్కినవాడు లేడు, చూసినవాడు లేడు, కుళ్ళుకున్నవాడు అసలే లేడు. కొడుకు డబ్బు పంపాడన్న సంగతి ఎదురింటావిడకి తెలియకపోతే ఆ డబ్బుకి రుచేముంది?

ఫోనా? ఉండేది. ట్రంకు కాలని, పోస్టాఫీసుకెళ్ళి పేరిచ్చి కూచోవాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని ధరలు. మామూలు కాలుకి ఎనిమిదింతలు ఇచ్చుకుంటే తప్ప లైట్నింగు కలపరు, అంత కొంప మునిగే పని మాకెప్పుడుంది? మా వీధికంతటికీ ఫోను ఒక్క బియ్యం మిల్లు షావుకారుకే. ఆయన గుమాస్తా పరిగెత్తి అమ్మని పిలుచుకొచ్చేసరికి మూడు నిమిషాల్లో రెండు హారతి. మిగిలిన నిమిషంలో నేను ‘అమ్మా’ అని అరవడం, ఆవిడ ‘ఏటి కూర తిన్నావు’ అని అరవడం, వరసలో ఉన్న పంజాబీ ఆయన నవ్వడం. చూశావా, అప్పుడూ అదే ప్రశ్న. కానీ మా ప్రశ్న ఖరీదైంది. ఎస్టీడీ బూతులొచ్చాక రాత్రి బాగా పొద్దుపోయిన తరవాత పావు ధర అని, అర్ధరాత్రి వేళ ఇంట్లోవాళ్ళని లేపి మరీ క్షేమం అడిగేవాళ్ళం. టెలిగ్రామంటే మాత్రం భయం. పెళ్ళికి రెడీమేడు వాక్యాల్లో ఎనిమిదో నంబరు కొట్టమంటే శుభాకాంక్షలు పూర్తి వాక్యంగా వచ్చేవి, అయినా తంతివాడి సైకిలు ఆగిందంటే కవరు చింపకముందే ఇంట్లో ఏడుపు లేచేది. 2013 జులైలో దాన్నీ మూసేశారు. ఆ రోజు నాకు ఎందుకో చాలా కోపం వచ్చింది, ఆ తంతి పుణ్యమా అని ఒక్క మంచి కబురూ నేను విన్నది లేకపోయినా.

నా మాటకి మా కోడలు ఊరుకోదు. ‘మీ నాన్నగారికి టైఫాయిడ్ వచ్చి నెల్లాళ్ళు మంచమ్మీద ఉంటే మీకు తెలిసింది సంక్రాంతికి కదా మామయ్యగారూ?’ అంటుంది. అవును. ఆ నెలంతా వచ్చిన ఉత్తరాల్లో ‘ఇచట అందరమూ క్షేమం’ అనే ఉంది, అదీ నాన్న దస్తూరీలో, మంచం మీద పడుకుని రాసిన వంకర అక్షరాల్లో. నేను తొందరలో రాశాడనుకున్నాను. ఆ మాట వచ్చినప్పుడు నేను మంచినీళ్ళు అడిగి మాట మారుస్తాను. ఆవిడ నీళ్ళు తెచ్చి ఇచ్చి మళ్ళీ చుక్క చూసుకుంటుంది.

అలాగని నేను ఒప్పుకోను అబ్బాయ్. రోజూ మాట్లాడేవాడికి పండక్కి ఇంటికొస్తే చెప్పడానికేం మిగులుతుంది? మా వాడు సంక్రాంతికి వస్తాడు. అరవై రోజుల ముందు పొద్దున్నే ఎనిమిదింటికి ఫోను పట్టుకుని, టిక్కెట్టు కోసం యుద్ధం చేసి మరీ వస్తాడు. వచ్చి సోఫాలో కూచుని మళ్ళీ ఆ ఫోనే చూస్తాడు. మేం భోగి మంట దగ్గర మొదలెడితే కనుమ దాకా చెప్పేవాళ్ళం. నిజమే, వినేవాళ్ళు మధ్యలో లేచి పోయేవాళ్ళు. అయినా చెప్పేవాళ్ళం.

పోస్టుకార్డు ఇంకా అర్ధరూపాయే. వాడికి బుద్ధి రావాలని ఈమధ్య ఒకటి రాశాను. చిరంజీవి అని మొదలుపెట్టి, వాన సంగతి, కరెంటు సంగతి, నా మోకాలి సంగతి, పిన్ కోడ్‌తో సహా. జవాబు రాస్తాడని వారం చూశాను. వాడు దాన్ని ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టాడట! ఇంటిగుట్టు ఊరందరికీ చూపిస్తావా అని గట్టిగా కేకలేశాను. ఎంతమంది చూశారో కూడా కనుక్కున్నాను. రెండువందల పైచిలుకుట. అందులో ఒకడు మా పాత పోస్టుమాస్టరు మనవడు, అమెరికాలో ఉంటాడు. నేను ‘ఆశీర్వదించి’లో ఒత్తు మర్చిపోయానని అక్కణ్ణించి తప్పు పట్టాడు వెధవ.