కిటికీ పక్క సీటు

ఇరవై ఏళ్లు సోషల్ చెప్పిన మాస్టారు, విజయవాడలో పెద్ద హాస్టల్ స్కూల్లో ఉద్యోగం వదిలేశారంటే తోటివాళ్లు నమ్మలేదు. నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం మరి. కానీ ఒక సంగతి ఆయన్ని నిద్రపోనివ్వలేదు. కృష్ణానది సముద్రంలో ఎక్కడ కలుస్తుందన్న ఒక్క మార్కు ప్రశ్నకి క్లాసంతా హంసలదీవి అని రాసేది. చూసినవాళ్లు చేతులెత్తండంటే నాలుగు చేతులు లేచేవి కావు. నేలని చూపించకుండా నేల పాఠం చెప్పడం పిల్లలకి చేస్తున్న అన్యాయమే.

పీఎఫ్ డబ్బు తీసి, మినీ బస్సు మాట్లాడుకుని విజ్ఞానయాత్రలు మొదలుపెట్టారు. పండగొస్తే తప్ప పిల్లల్ని ఇళ్లకి పంపని హాస్టళ్లు కూడా సరేనన్నాయి. అడ్మిషన్ల కరపత్రాల్లో ఫొటోలు వేసుకోవచ్చు కదా.

తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద తొలి పాఠం. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు సీమ ఎలా మాడిపోయిందో, 1855కి ఆనకట్ట ఎలా లేచిందో, 1952లో అది తెగాక 1957లో డెబ్భై గేట్ల బ్యారేజీ ఎలా వచ్చిందో చెబుతుంటే పిల్లలు రెయిలింగు పట్టుకుని నీళ్లకేసి చూసేవాళ్లు. అక్కణ్ణుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా కూచిపూడి. తర్వాత ఘంటసాల. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన రేవు ఈ ఊరేనని చరిత్రకారులు అంటారని చెప్పగానే, సముద్రం ఏదీ అని అందరూ ఒక్కసారే అడిగేవాళ్లు. సముద్రం ఎందుకు దూరం జరిగిందో, నది మోసుకొచ్చిన ఒండ్రు డెల్టాని ఎలా పెంచిందో అప్పుడు చెప్పేవారు. క్లాసులో గంట పట్టే పాఠం అక్కడ అయిదు నిమిషాల్లో బుర్రకెక్కేది.

ఆ పిల్లల్లో ఏడో తరగతి కుర్రాడొకడు మాస్టారికి ప్రాణం. ఏ యాత్రకైనా ముందు వాడి పేరే ఉండేది. ఎక్కగానే కిటికీ పక్క సీటు పట్టేవాడు. తల్లి దివిసీమలో కూలిపనికి పోతుంది, అయినా ఫీజు ఎప్పుడూ బాకీ పెట్టలేదు. "చదువు విలువ తెలిసిన తల్లంటే ఆవిడ" అని మాస్టారు కనబడినవాళ్లందరికీ చెప్పేవారు.

అవనిగడ్డ దాటాక ఆయన మైకు తీసుకుని 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి చెప్పేవారు. వేలమందిని కడలి మింగేసిన కథ అది. ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి ఆ కుర్రాడి కళ్లలో నీళ్లు తిరిగేవి. తన మాట పసి మనసుని అంతగా తాకుతోందని మాస్టారి గుండె నిండిపోయేది.

యాత్ర చివర 'ఇంకా ఏం చేస్తే బాగుంటుంది?' అని కాగితాలిస్తే తక్కినవాళ్లు ఐస్‌క్రీమ్ అనో, సముద్రం దగ్గర ఇంకాసేపు అనో రాశారు. వాడు మాత్రం 'అవనిగడ్డ దాటాక బస్సు నెమ్మదిగా పోవాలి' అని రాశాడు.

మాస్టారు ఎంతో ముచ్చటపడ్డారు. మరుసటి యాత్రలో డ్రైవరుకి చెప్పి అక్కడ బస్సు స్లో చేయించారు. ఆ రోజు మైకు పక్కన పెట్టి వచ్చి, వాడి పక్కనే కూర్చున్నారు.

"ఇక్కడ అంత శ్రద్ధగా ఏం చూస్తావురా?"

"మా అమ్మని సార్. అదిగోండి, ఆ కల్వర్టు మీద నిలబడింది."

చెయ్యి ఊపుతున్న తల్లిని దాటి బస్సు ముందుకి పోయింది. మాస్టారికి కాసేపు మాట రాలేదు.

"మరి... ఇన్నిసార్లు అంతంత ఫీజు కట్టి..."

"హాస్టల్‌కొస్తే గేటు దగ్గరే ఆపేత్తారు సార్. ఇంటికెళ్తానంటే పంపరు, టూరంటే పంపుతారు. అందుకే అమ్మ కూలిడబ్బులు దాచి కడతంది."