డోంగాని, దొంగను కాను

నా పేరు డోంగా. రాయ్‌పూర్‌లో మహాదేవ్ ఘాట్ దగ్గర, ఖారున్ నదిలో ఉంటాను. ఛత్తీస్‌గఢీలో పడవని డోంగా అంటారు. ఆ మాట వినగానే తెలుగువాళ్లు కిసుక్కున నవ్వి, ఆనక జేబులు తడుముకుంటారు. ఈ ఊళ్లో తెలుగువాళ్లకి కొదవ లేదు. విజయనగరం లైను పట్టుకుని రైల్వే పనులకొచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు ఎందరో.

నాకు తెరచాప లేదు, చుక్కాని లేదు. లోతు తక్కువైతే వెదురు గెడ, ఎక్కువైతే తెడ్డు. లంగరు బదులు ఒడ్డున గూటానికి తాడు. పలకల సందుల్లో నార కుక్కి తారు పూశారు గానీ నీళ్లు ఊరుతూనే ఉంటాయి. తోడిపోయడానికి ఒక డబ్బా ఎప్పుడూ నాలోనే.

ఒక ఆదివారం ఓ ముసలాయన మనవణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. పిల్లాడిది హైదరాబాద్. హుస్సేన్‌సాగర్‌లో ఆప్టిమిస్ట్ నడపడం నేర్చుకుంటున్నాడట. 2.3 మీటర్ల పడవ, ఒక్క పిల్లాడికే చోటు.

"తాతా, నేను స్టార్‌బోర్డ్ వైపు కూర్చుంటా" అన్నాడు.

"అంటే ఏ వైపురా?"

"కుడి. పూర్వం అటుపక్క కట్టిన తెడ్డుతోనే ఓడని తిప్పేవారట. ఎడమని లార్‌బోర్డ్ అనేవారు. గాలిలో రెండూ ఒకేలా వినపడి తికమక అవుతోందని 1844లో బ్రిటిష్ నౌకాదళం 'పోర్ట్' అనమని ఉత్తరువిచ్చిందట."

"మన పడవలకీ పేర్లున్నాయిరా. ముందుకొన అణియం, వెనకది అమరం. నడిపించేవాడు సరంగు." ముసలాయన నీళ్లకేసి చూస్తూ కాసేపు ఆగాడు. "నేనిక్కడ రైల్వేలో కళాసీగా చేశాను. కళాసీ అంటే అసలు ఓడ మీద పనివాడు. ఉద్యోగమంతా ఆ పేరుతోనే గడిచింది, సముద్రం మీద ఒక్క పూటన్నా లేను."

పిల్లాడు పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నా బతుకూ అంతేగా! ఖారున్ శివనాథ్‌లో కలుస్తుంది, శివనాథ్ మహానదిలో, మహానది బంగాళాఖాతంలో. నా కింద నీళ్లన్నీ సముద్రం చూస్తాయి. నేను మాత్రం ఈ గట్టు నుంచి ఆ గట్టుకే.

దిగేటప్పుడు ఆ పిల్లాడు, "మావి డింగీలు తాతా, ఇలాంటి మోటు పడవలు కావు" అన్నాడు. నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని. డింగీ ఇంగ్లీషువాడి సొంత మాట కాదురా బాబూ, మన దేశంలో ఎత్తుకెళ్లినదే. డోంగా పెద్దదైతే డింగీ చిన్నది. ఈ చుట్టరికం ఇంగ్లీషు నిఘంటువులే ఒప్పుకున్నాయి. ఆ లెక్కన ఒలింపిక్స్‌లో పందేలు కట్టే డింగీలన్నీ నా మనవరాళ్లే. ఇంతకీ దొంగ ఎవరంటారు?

కార్తీక పున్నమికి ఇక్కడ పెద్ద మేళా. హట్‌కేశ్వర మహాదేవుణ్ణి చూసుకుని ఇటు రండి, ఎక్కించుకుంటాను. పిలిచేటప్పుడు మాత్రం నాలుక కాస్త మడవండి, 'డ' పలకాలి.