కుయ్‌మంటుంది కానీ పలకదు

కదిరి అనగానే బెంగళూరులో కొందరు "ఓ, సాక్సాఫోను గోపాల్‌నాథ్ గారి ఊరా?" అంటారు. ఆయనది మంగళూరులోని కద్రి. మాది నరసింహస్వామి తేరు, మల్లెపూలు, కె-6 వేరుశెనగ. సంగీతంలో మాకొచ్చిన పేరు ఇట్లా అడ్రసు తప్పి వచ్చిందే. ఆ లోటు తీర్చే భారం మా మేనల్లుడు నెత్తిన వేసుకున్నాడు.

వాడు ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. కాళ్ల దగ్గర గిటారు గొంతు మార్చే నాలుగు పెడల్సు. కావలసిన పెడల్‌ను లైన్లోకి తెచ్చి, అక్కర్లేనిదాన్ని పూర్తిగా తప్పించే స్విచ్చుల పెట్టె కొనాలంటే వాడి గిటారు కంటే ఖరీదు. 1980లలో లాస్ ఏంజెలెస్‌లో బాబ్ బ్రాడ్‌షా పెద్ద పెద్ద గిటారిస్టులకు బీరువాల్లాంటి ర్యాకుల్లో బిగించి ఇచ్చిన ఏర్పాటది. మావాడు సొంతంగా చేసుకున్నది మా అక్క స్టీలు టిఫిన్ డబ్బాలో ఇమిడిపోయింది. నాలుగు ఫుట్‌స్విచ్చులు, ఒక్కోదానికి తొమ్మిది కాళ్లు. అక్క అన్నం ఎందులో తీసుకుపోవాలన్నది ఎవరూ అడగలేదు.

బల్ల మీద పెట్టి చేత్తో నొక్కితే అన్నీ పలుకుతాయి. స్టేజీ ఎక్కి బూటుకాలితో తొక్కగానే మూడో పెడల్ మాయం. దాంతోపాటు గిటారూ మాయం. మైక్‌సెట్ ఆయన వాల్యూం పెంచమన్నాడు. పెంచితే గుయ్‌మనే రొద పెరిగింది. కీబోర్డు ఆయనైతే "గిటారు లేకున్నా పాట బాగానే ఉండాది లేప్పా" అని ధైర్యం చెప్పాడు.

మల్టీమీటరు పెట్టి చూస్తే ప్రతి వైరూ కుయ్‌మంది. "అన్నీ కరెక్టే మామా" అన్నాడు మావాడు. మల్టీమీటరు కుయ్‌మనడం ఆఫీసులో "అయిపోతుంది పో" అనడం లాంటిది. ఆ క్షణానికి తీగ తగులుతోందని తప్ప, తొక్కినప్పుడు కూడా తగులుతుందని అది హామీ ఇవ్వదు.

చివరికి మా వీధి కరెంటు అన్న వచ్చాడు. మిక్సీ ఆగినా, మోటారు ఆగినా, టీవీలో బొమ్మ వణికినా ఆయనది ఒకటే మాట: "ఎర్త్ లేదు సామీ." పెట్టె మూత కూడా తీయకుండానే అదే అన్నాడు. మేం నవ్వాం. అయితే ఈసారి నిజంగానే ఎర్త్ లేదు!

గిటారు పికప్ నుంచి వచ్చే సిగ్నల్ వోల్టులో చిన్న భాగం. పోవడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఒక దారి కావాలి. తిరుగుదారే ఎర్త్. మూడో పెడల్ బ్యాటరీది, దానికి అడాప్టరు వైపు నుంచైనా వేరే ఎర్త్ లేదు. డబ్బాకు దానికోసం బిగించిన జాకులు ప్లాస్టిక్‌వి, వాటి తిరుగుతీగను మావాడు నేరుగా డబ్బా మూతకే సోల్డరింగ్ చేశాడు. స్టెయిన్‌లెస్ స్టీలు మీద ఎప్పుడూ సన్నని క్రోమియం ఆక్సైడ్ పొర ఉంటుంది. రేడియో మెకానిక్కులు వాడే మామూలు సోల్డర్ దానికి పట్టదు, గుండ్రంగా గడ్డకట్టి ఊరికే ఆనుకుని కూర్చుంటుంది. కాలు పడగానే మూత కుంగుతుంది, గడ్డ ఎడమవుతుంది. బోల్టు, వాషరు వేసి బిగించి, జాకు నుంచి జాకుకు రాగితీగ లాగాక మూడో పెడల్ పలికింది.

పలికిందే గానీ గొంతు మందగించింది. దీనికి డబ్బా కారణం కాదు. గిటారు కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్సు మోస్తుంది. పదిహేను మీటర్లు పరిచామంటే సన్నని స్వరాలు దారిలోనే ఇంకిపోతాయి. మొదట్లోనే కేబుల్ బరువు గిటారు మీద పడకుండా కాసే ఒక బఫర్ ఉండాలి. టీఎల్072 చిప్పుతో అది చిటికెలో అయ్యే పని, ఖర్చూ తక్కువే.

ఇక తిరునాళ్ల కమిటీ పెద్దలకు ఒక మనవి. గిటారు పిల్లాణ్ణి స్టేజీకి ఈ కొసన నిలబెట్టి, వాడి యాంప్‌ను ఆ కొసన జనరేటరు పక్కన పెట్టించకండి. రెండూ దగ్గర దగ్గరగా పెడితే సగం కేబుల్ మిగులుతుంది.