తుక్కు నెమలికి నీలం రంగెందుకు?

ఈమధ్య ఏ ఊరి కూడలి చూసినా ఓ ఇనప నెమలి. పనికిరాని సామానుతో బొమ్మలు చేయడం మంచి పనే, కాదనను. నా బాధల్లా అది తుక్కుతో చేసిందని పోల్చుకోలేకపోవడమే. నిలువెల్లా నీలం రంగు, అడుగున గ్రానైటు దిమ్మె, పక్కన శిలాఫలకం. గొలుసేదో గేరు చక్రమేదో తెలియకుండా పులిమేశారు. ఆ మాత్రానికి కొత్త రేకుతోనే చేసుకోవచ్చుగా!

మా రోజుల్లో పాత ఇనుమంటే గౌరవం ఉండేది. అరిగిన బండి పట్టా కమ్మరి కొలిమికెళ్తే కొడవలై తిరిగొచ్చేది. లారీ కమాను పట్టీ కత్తయ్యేది. మిగిలిన ముక్కలు పాత సామాన్లవాడికి వేస్తే ఉల్లిపాయలిచ్చేవాడు. ఏ ఇనుము వంగుతుందో, ఏది విరుగుతుందో చేతికి తెలిసేది.

తుక్కును తుక్కులాగే చూపించిన మనిషీ ఉన్నాడు. చండీగఢ్‌లో రాక్ గార్డెన్ అనే బొమ్మల తోట చేసిన నేక్‌చంద్ రోడ్ ఇన్‌స్పెక్టరు. కొత్త నగరం కోసం పడగొట్టిన పల్లెల శిథిలాలు, విరిగిన గాజులు, పింగాణీ పెంకులు ఏరి, సైకిలు మీద మోసుకెళ్లి, సుఖ్నా సరస్సు దగ్గరి అడవిలో 1957 నుంచి గుట్టుగా పేర్చుకుంటూ పోయాడు. అధికారుల కంట పడేసరికి 1975. మరుసటేడు జనానికి తెరిచారు. అక్కడి బొమ్మల ఒంటిమీద గాజుముక్క గాజుముక్కలాగే మెరుస్తుంది. అన్నేళ్లు ఏ టెండరూ బిల్లూ లేకుండా చేసిన మనిషి! మన తెనాలి సూర్య శిల్పశాల వాళ్లూ ఇనప తుక్కుతో పెద్ద పెద్ద విగ్రహాలు నిలబెట్టారు. పనితనం ఇంకా బతికే ఉంది, అడిగేవాళ్లే కరువయ్యారు.

ఇప్పటి కుర్రాళ్లు ఫోన్లో బొమ్మ చూసి కొంగను చేస్తారు. పొలం గట్టున కాసేపు కూర్చుంటే కొంగ మెడ ఎక్కడ మడుస్తుందో, బరువంతా ఏ కాలి మీద మోపుతుందో కనపడదూ? రెక్కకు ఈకలు కింది వరస నుంచి పైకి, పెంకుటిల్లు నేసినట్టు ఒకదాని మీదొకటి ఎక్కేలా అతకాలి. అప్పుడు వాన నీరు జారిపోతుంది, ఈక కూడా ఈకలా కనపడుతుంది. పైనుంచి మొదలెడితే రెండూ చెడతాయి.

వెల్డింగుకు ముందు పాత రంగూ గ్రీజూ గీకాలి. పోత ఇనుముకు మామూలు రాడ్డు నమ్మకం కాదు, నికెల్ రాడ్డు కావాలి. బేరింగు గోళీని ముందుగా సెగ చూపకుండా అతికిస్తే బీట వారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, బొమ్మ కడుపులో నీళ్లు నిలవకుండా అడుగున చిల్లు వదలడం. రెండు రూపాయల ఖర్చు లేని ఆ చిల్లును ఎగ్గొట్టబట్టే, పైన రంగు నిగనిగలాడుతుండగానే లోపల తుప్పు తినేస్తోంది. తోక ఊడి జనం మీద పడితే ఎవరిది పూచీ?

పురపాలక సంఘాల వారికి నా మనవి. తుక్కు బొమ్మకు రంగులు పులమకండి. ఇనుము కనపడేలా పారదర్శకమైన పూత వేయించండి. ప్రారంభోత్సవానికి పెట్టే ఖర్చులో కొంత మిగిల్చి, ఏటా తొలకరికి ముందు తుప్పు గీకి అతుకులు సరిచూసే పని ఆ బొమ్మ చేసినవాడికే రాసివ్వండి.