సాంచెల ఊరికి శబ్దం అమ్మవచ్చినోళ్లు

"బయటి శబ్దం మొత్తం మాయం" అని డబ్బా మీద రాసి ఉన్న గేమింగ్ హెడ్‌సెట్‌ను సిరిసిల్లలో అమ్మాలంటే గుండె ధైర్యం ఉండాలి. బి.వై.నగర్‌లో గోడకు అవతల ఎనిమిది సాంచెలు, అంటే మరమగ్గాలు, ఇవతల పోరగాడి కంప్యూటర్. అవతల తండ్రి పాలిస్టర్ బట్ట దింపుతుంటాడు, ఇవతల కొడుకు వాలరెంట్ ఆటలో శత్రువు అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంటాడు. ఆ అడుగు వినబడక వాడు చచ్చి, చచ్చి, చివరికి తప్పు తన చేతిది కాదు హెడ్‌సెట్‌ది అని తేల్చుకుంటాడు. కంపెనీలు బతికేది ఆ తీర్పు మీదే.

శబ్దాన్ని శబ్దంతో చంపే ఈ నాయిస్ క్యాన్సిలేషన్ విద్య సాంచెల కోసం పుట్టింది కాదు. 1978లో బోస్ స్పీకర్ల కంపెనీ అమర్ బోస్ జ్యూరిక్ నుంచి బోస్టన్‌కు విమానంలో పోతూ, ఇంజన్ హోరులో పాట సరిగ్గా వినబడక, కూర్చున్న సీట్లోనే లెక్కలు వేసుకున్నాడు. విమానం హోరు ఒకే తీరుగా, మందంగా, తెగకుండా సాగుతుంది. దాన్ని చిన్న మైకుతో పట్టి, తిరగేసి చెవిలోకి వదిలితే రెండూ కలిసి రద్దయిపోతాయి. సాంచె అట్ల కాదు. నాడె అటు నుంచి ఇటు పడ్డ ప్రతిసారీ అది కొత్త దెబ్బ. హెడ్‌సెట్ దాన్ని పసిగట్టి ఎదురు శబ్దం తయారుచేసేలోగా ఆ దెబ్బ చెవిలో పడిపోయి ఉంటుంది. అందుకే ఆ ఖరీదైన బటన్ నొక్కితే ఫ్యాన్ గాలి చప్పుడు పోతుంది, సాంచె మాత్రం ఇంకా స్పష్టంగా వినబడుతుంది.

నిజం చెప్పాలంటే ఊరు మొత్తానికి నాయిస్ క్యాన్సిలేషన్ చేసే యంత్రం సిరిసిల్లకు ఎప్పటినుంచో ఉంది. దానికి చార్జింగ్ కూడా అక్కర్లేదు. సర్కారు ఆర్డర్ ఆగితే చాలు. బతుకమ్మ పండుగకు సర్కారు పంచే చీరలు నేసే పని 2017లో మొదలైంది, 2024లో అది లేకపోయేసరికి గల్లీలకు గల్లీలే చప్పుడు లేకుండా ఉండిపోయాయి. ఏ జపాన్ ఇంజనీరూ సాధించలేనంత శుద్ధమైన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో సాంచెల ఆసామికీ నిద్ర పట్టలేదు, కార్మికునికీ పట్టలేదు, అది వేరే సంగతి.

ఇక డబ్బా మీద రెండో మంత్రం, 7.1 సరౌండ్. సినిమా హాల్లో ఆ అంకెకు అర్థం ఉంది: చుట్టూ ఏడు స్పీకర్లు, గుండె అదిరేందుకు ఇంకొకటి. హెడ్‌సెట్‌లో ఉన్నవి రెండు డొప్పలు, డొప్పకొక స్పీకరు. మిగతా ఆరు ఏమైనట్టు? సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయట. సరే, ఉన్నాయనుకుందాం. వెనక నుంచి వచ్చే చప్పుడు మన తలను, చెవి డొప్పను తాకి ఎట్లా మారుతుందో లెక్కగట్టి రెండు స్పీకర్లతోనే భ్రమ పుట్టించే పద్ధతి నిజంగానే ఉంది, హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. కాకపోతే అది ఆటలోనే ఉంది. కౌంటర్ స్ట్రైక్‌లో 2016లో వచ్చింది, వాలరెంట్‌లో 2021లో వచ్చింది. సెట్టింగుల్లో ఆన్ చేసి ఉంటే చాలు. ఇతర ఆటలకు విండోస్ సోనిక్ ఉంది, అది 2017 నుంచి విండోస్‌లోనే కూర్చుని ఎవరన్నా పిలుస్తారేమోనని చూస్తోంది. అన్నీ ఫ్రీ. ఫ్రీ గనుకనే ఎవరికీ నమ్మకం లేదు. డబ్బులు పెట్టి కొన్న 7.1ను ఆటలోని లెక్క మీద మళ్లీ ఎక్కించి, దాని మీద విండోస్‌ది కూడా వేసి, ఎడమ పక్క అడుగులు పక్కింట్లో నుంచి వస్తున్నట్టు వినేవాళ్లు ఎందరో.

ఇది కొత్త విద్యేమీ కాదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ఇండ్లల్లోకి దుబాయ్ నుంచి డెక్కులు దిగిన కాలం గుర్తున్నవాళ్లకు పీఎంపీవో అనే నాలుగు అక్షరాలు గుర్తుండే ఉంటాయి. గోడ ప్లగ్గులో నుంచి వంద వాట్లు కూడా తాగని పెట్టె మీద వేల వాట్ల పీఎంపీవో అని మెరుపు స్టిక్కరు. రెప్పపాటు కూడా నిలవని ఊహా బలాన్ని కొలిచి, స్పీకర్లన్నిటికీ కలిపి హెచ్చించి వేసిన అంకె అది. ఆ స్టిక్కరును పీకకుండా ఏండ్ల తరబడి కాపాడుకున్న తాతల మనుమలే ఇప్పుడు 50 మిల్లీమీటర్ల డ్రైవర్ అని మురుస్తున్నారు. డ్రైవరు పెద్దదైతే డొప్ప పెద్దదవుతుంది. శబ్దం బాగుండటం దాన్ని ట్యూన్ చేసినవాడి చేతిలో ఉంది, స్కేలులో లేదు.

దుబాయ్ దారి ఇప్పటికీ మూతపడలేదు. అప్పుడు డెక్కు పంపిన చెయ్యే ఇప్పుడు డ్రాగన్ మార్ట్‌లో బ్లూటూత్ హెడ్‌సెట్ కొని పంపుతోంది. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో ఐదో ఆరో వంతు ఆలస్యంగా చేరుతుంది. బుల్లెట్ దిగి, పోరగాడు చచ్చి, తెర ఎర్రబడ్డాక తుపాకి చప్పుడు తాపీగా వస్తుంది. మైక్ ఆన్ చేస్తే ఇంకా సంబురం: పాత బ్లూటూత్ ఫోన్‌కాల్ పద్ధతిలోకి దిగిపోయి ఆట మొత్తం గల్ఫ్ నుంచి వచ్చిన ట్రంక్ కాల్ లెక్క వినబడుతుంది. వైరు లేకుండానే ఆడాలంటే యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్‌ది కొనాలి, లేదా వైరుకు సిగ్గుపడటం మానాలి.

సిగ్గు అంటే లైట్ల సంగతి చెప్పాలి. గాంధీచౌక్ చుట్టుపక్కల ఏ దుకాణంలో నిలబడ్డా ఈ ముచ్చట వినబడుతుంది:

"అన్నా, లైట్లున్నది చూపెట్టు."

"చెవులకాడ లైట్లుంటే నీకెట్ల కనవడ్తయిరా తమ్మీ?"

"నాకెందుకే? దోస్తులకు కనవడాలె."

మరి రెండు వేలున్నవాడు ఏం కొనాలి? చెవిలో దూరే వైరు ఇయర్‌ఫోన్. కేజెడ్, మూన్‌డ్రాప్ లాంటి చైనా కంపెనీలవి వెయ్యికి అటూ ఇటూ మొదలై రెండు వేల దగ్గర్లో దొరుకుతాయి. గేమింగ్ డబ్బాల మీదలాగా వాటి మీద డ్రాగన్ బొమ్మ ఉండదు, డబ్బా అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. అయినా అదే ధర గేమింగ్ హెడ్‌సెట్ కన్నా అడుగు ఏ దిక్కు నుంచి పడిందో విడమరిచి చెబుతాయి. చెవిని సరిగ్గా మూసే రబ్బరు టిప్ పెట్టుకుంటే, బ్యాటరీ లేకుండానే సాంచెల హోరును ఇరవై డెసిబెల్స్ దాకా ఆపుతాయి. కంప్యూటర్ వెనక పచ్చ, గులాబీ రంగు పిన్నులు విడివిడిగా ఉంటే ఒక స్ప్లిటర్. ముందు పిన్నులో పెడితే గుయ్‌మని కరెంటు చప్పుడొస్తే ఒక చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు. అయిపోయింది.

మైకుకు వేరే డబ్బు దండగ. ముంబైలో కూర్చున్న టీమ్‌మేటు "నీ దగ్గర ఎవరో మెషిన్ గన్ కాలుస్తున్నారు" అంటే అది ఆటలోది కాదు, గోడ అవతలిది. మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో శబ్దం వడకట్టే బటన్ ఉంది. అదీ చాలకపోతే మాట్లాడేటప్పుడు మాత్రమే నొక్కే మీట ఉంది, కీబోర్డు మీద ఆ మీటకు జీఎస్టీ లేదు.

హై రెజ్ అనే బంగారు స్టిక్కరు మిగిలింది. దాని కోసం హెడ్‌సెట్ 40,000 హెర్ట్జ్ దాకా పలకాలి. మనిషి చెవి హద్దు 20,000, అదీ చిన్నతనంలో. ఆ పై సగాన్ని గబ్బిలాలు ఆస్వాదించాలి. కొడుకు నలభై వేలకు డబ్బు కడుతున్న ఆ ఇంట్లోనే తండ్రికి నాలుగు వేల దగ్గర చెవి పోతోంది. హోరులో ఏండ్ల తరబడి నిలబడ్డవాళ్లకు మొదట దెబ్బతినేది సరిగ్గా అక్కడే. మాట వినబడుతుంది, మాటలోని 'స'లు, 'శ'లు రాలిపోయి అర్థం కాదు. ఇంట్లోవాళ్లు "నాయినకు చెప్పింది ఒకటి, విన్నది ఒకటి" అని నవ్వుకుంటారు.

నేత షెడ్లలో చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలే. అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌కు ఎనిమిది గంటలు, ఆపై మూడు పెరిగినప్పుడల్లా సమయం సగం. వంద డెసిబెల్స్ దగ్గర రోజుకు 15 నిమిషాలు. సిరిసిల్ల లెక్కలో 12 గంటల డ్యూటీ. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో శబ్దం వల్ల వచ్చే చెవుడు కూడా వృత్తి రోగమేనని రాసి ఉండేది. అయితే కరెంటుతో నడిచినా పదిమంది లేనిది ఆ చట్టం కంట ఫ్యాక్టరీ అయ్యేది కాదు. నలుగురైదుగురితో నడిచే ఆసామి షెడ్డు ఫ్యాక్టరీ కాదు గనుక అందులో పుట్టేది శబ్దమూ కాదు, అక్కడ పోయేది చెవీ కాదు. 2020లో తెచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. కలం పోటుతో ఇంత నాయిస్ క్యాన్సిలేషన్ బోస్‌కు కూడా చేతకాలేదు.

కొడుకు చెవి కూడా ఆ దారిలోనే ఉంది. గోడ అవతలి హోరును మించి అడుగులు వినాలని వాల్యూం పెంచుతాడు. వారానికి 40 గంటలైతే 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆటగాళ్ల చెవుల్లోని శబ్దం చాలాసార్లు హద్దు దగ్గర్లోనో, దాటో ఉంటోందని 2024లో బీఎంజే పబ్లిక్ హెల్త్‌లో సమీక్ష వచ్చింది. డబ్బా మీద దానికి చోటు దొరకలేదు, ఆ చోట్లో డ్రాగన్ పడుకుంది.

మందుల దుకాణంలోనో, ఆన్‌లైన్‌లోనో పది ఇరవై రూపాయలకు నురుగు ఇయర్‌ప్లగ్గుల జత దొరుకుతుంది. సాంచెకు వచ్చిన రోగాన్ని చప్పుడు తేడాతోనే పసిగట్టే కార్మికుడు దాన్ని వెంటనే ఒప్పుకోడు, ఇరవై రూపాయల వస్తువును ఎవడూ గౌరవించడు కూడా. కనుక కంపెనీలకు ఫ్రీగా ఒక సలహా. దాన్నే నల్ల డబ్బాలో పెట్టండి. ఎర్ర గీతలు కొట్టండి. "సాంచె ఎడిషన్, సున్నా ఆలస్యం, చార్జింగ్ అవసరం లేదు" అని రాయండి. 2,999 కొట్టేసి 1,499 చేయండి. కొడుకు ఎగబడి కొంటాడు, గంట తర్వాత ఏ చప్పుడూ వస్తలేదని తిట్టుకుంటూ తండ్రి ముందర పడేస్తాడు. రిటర్న్ పాలసీ ఒక్కటి మాత్రం పెట్టకండి.