ఏడడుగులకు ఏడు కారణాలు

కృష్ణా నీళ్ల దగ్గర కుదరదు, ఉమ్మడి ఆస్తుల దగ్గర కుదరదు. 2014లో విడిపోయిన రెండు తెలుగు రాష్ట్రాలకు ఒక్క విషయంలో మాత్రం భలే కుదిరింది. పెళ్లాన్ని మొగుడు కొట్టడానికి కనీసం ఒక్క న్యాయమైన కారణమైనా ఉందని, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం ఆడవాళ్లే ఒప్పుకున్నారు. తేడా పాయింట్ రెండు. దానికి ట్రిబ్యునల్ కూడా అక్కర్లేదు.

సర్వే వాళ్లు ఏడు కారణాలు చదివి వినిపించారు: చెప్పకుండా బయటికెళ్లడం, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోవడం, ఎదురు చెప్పడం, పడకకు ఒప్పుకోకపోవడం, వంట సరిగ్గా చేయకపోవడం, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం, మొగుడికి అనుమానం రావడం. ఏడడుగులు నడిచినందుకు అడుగుకొకటి. చివరిదాంట్లో అనుమానం ఆయనది, దెబ్బ ఆవిడకి.

ఇంత ఏకాభిప్రాయం ఊరికే రాదు. గొంతు పెంచిన మనవరాలిని "అత్తారింట్లో తన్నులు తింటావే" అని ముద్దుగా హెచ్చరించిన నాయనమ్మలూ, హీరో లాగి ఒక్కటిస్తే హీరోయిన్‌కు ప్రేమ పుట్టించిన డైరెక్టర్లూ, అది చూసి ఈలేసిన మనమూ తరాల తరబడి కష్టపడ్డాం. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడవాలని సామెత కూడా తయారుచేసి పెట్టుకున్నాం.

ఆ చదువు అక్కరకొచ్చేది పెద్దమనుషుల పంచాయితీలో. అల్లుడుగారు కుర్చీలో ఉంటారు. చెంప వాచిన పిల్ల అందరికీ టీలిచ్చి గుమ్మం పక్కన నిలబడుతుంది. మొదటి ప్రశ్న ఆమెకే: "అసలు నువ్వేమన్నావమ్మా?" ఆయన మీద తీర్పు ముందే సిద్ధం: "కోపమెక్కువ గానీ మనసు వెన్న." గృహహింస చట్టం 2006 నుంచి అమల్లో ఉందని ఎవరైనా నోరు జారితే, మేనమామ పరువు గుర్తుచేస్తాడు. చెల్లెలి పెళ్లి కావాలి. పిల్లల ముఖం చూడాలి. 1961లోనే నిషేధించిన కట్నం కూడా వృథా పోకూడదు కదా! తీర్మానం: సర్దుకుపో.

ఇక ఆ కోపమంటారా, దానికి మర్యాదలు బాగా తెలుసు. మేనేజర్ తిడితే "సార్" అంటుంది. ట్రాఫిక్ పోలీసు ఆపితే "అన్నా" అంటుంది. ఇంటి గడప లోపలికొచ్చాకే దానికి ఒళ్లు తెలియదు. తాగిన మైకమని ఇంకో సాకు. ఎంత మైకంలోనైనా వీధిలో వస్తాదును వదిలేసి, ఇంటికొచ్చి పెళ్లాన్నే గుర్తుపట్టేంత తెలివి మిగులుతుంది మరి.

వచ్చే సర్వేలో మగవాళ్లను ఒక్కటే అడగండి: హోటల్లో కూరలో ఉప్పు తక్కువైతే సర్వర్‌ను ఎందుకు కొట్టలేదు బాబూ? కొడితే వాడు తిరిగి కొడతాడు. పైగా వాణ్ణి సర్దుకుపొమ్మని చెప్పడానికి ఏ మేనమామా రాడు.